నేర్పకుండానే వచ్చేవి: సంబంధాలు, భాష, మానసిక నమ్యత గురించి ప్రవర్తనా పరిశోధన ఏం చెబుతోంది

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో పిల్లల చదువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక సందేహం వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు, కొన్ని ఊళ్లలో వీధిలోకి వెళ్తే సవర, కువి వంటి గిరిజన భాషలు వినిపిస్తాయి కాబట్టి, ఇన్ని భాషలు ఒకేసారి మీద పడితే పిల్లవాడికి ఏదీ సరిగా పట్టుబడదేమోనన్నది ఆ సందేహం. దీనికి ఈమధ్య మరో రెండు తోడయ్యాయి. సంబంధాలు గుర్తించే అభ్యాసాలు చేయిస్తే పిల్లల ఐక్యూ పెరుగుతుందని చెప్పే ఆన్‌లైన్ కోర్సుల మాట నిజమేనా అన్నది ఒకటి. బాధపెట్టే ఆలోచనను తరిమేయనక్కరలేదు, అది ఉండగానే చేయవలసిన పని చేసుకోవచ్చు అంటూ సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ (మానసిక నమ్యత) పేరుతో ప్రచారంలోకి వచ్చిన చికిత్సా పద్ధతిని నమ్మవచ్చా అన్నది రెండోది. దాన్ని ఓటమి ఒప్పుకోవడంగా చూసేవారూ ఉన్నారు, సర్వరోగ నివారిణిగా భావించేవారూ ఉన్నారు.

పైకి సంబంధం లేనట్టు కనిపించే ఈ మూడు సందేహాల వెనుక ఒకే పరిశోధన పరంపర ఉంది. తనకు ఎవరూ నేర్పని సంబంధాలను మనిషి తనంతట తాను ఎలా రాబట్టుకుంటాడు అన్నది దాని మూల ప్రశ్న. ప్రయోగశాలలో పదేపదే తేలిన ఫలితాలను, వాటిని వివరించడానికి పుట్టిన సిద్ధాంతాన్ని, ఆ సిద్ధాంతంతో ముడిపడిన చికిత్సను, వాటి పేరు చెప్పుకొనే వ్యాపారాన్ని ఒకే గాటన కట్టడం వల్లనే ఈ విషయంలో గందరగోళమంతా పుడుతోందని నా అభిప్రాయం. ఒకదానికున్న బలం మరొకదానికి లేదు కనుక, వాటిని విడివిడిగా చూడడం అవసరం.

1971లో ఒక కుర్రవాడు చదవడం నేర్చుకున్న తీరు

ఒక పని వెంట మెచ్చుకోలో, బహుమతో, మరో అనుకూల ఫలితమో వస్తే ఆ పని మళ్లీ జరిగే అవకాశం పెరుగుతుంది. ప్రవర్తనా శాస్త్రం దీన్ని పునర్బలనం అంటుంది. ఆ రంగంలో ప్రముఖుడైన బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో భాషను కూడా ఈ సూత్రంతోనే వివరించడానికి ప్రయత్నించారు. పిల్లలు తాము ఎన్నడూ వినని వాక్యాలను సైతం అలవోకగా పలుకుతారు కదా, మెచ్చుకోలు పొందిన మాటల లెక్కతో ఈ సృజన ఎలా అర్థమవుతుంది అని 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చోమ్‌స్కీ ఆయనను తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శకు ప్రవర్తనా శాస్త్రం వైపు నుంచి చాలాకాలం గట్టి సమాధానం రాలేదు.

సమాధానానికి దారి చూపిన ప్రయోగం మాత్రం మరో ఉద్దేశంతో జరిగింది. అమెరికా మనస్తత్వవేత్త మర్రే సిడ్మన్ తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్న 17 ఏళ్ల కుర్రవాడికి చదవడం నేర్పాలనుకున్నారు. ఆ కుర్రవాడు ఒక మాట వింటే దాని బొమ్మను చూపగలడు, బొమ్మ చూస్తే పేరు చెప్పగలడు, కానీ అచ్చులో ఉన్న మాటను గుర్తించలేడు. సిడ్మన్ బృందం 20 మాటలు తీసుకొని, విన్న మాటకు సరిపోయే అచ్చు మాటను ఎంచుకోవడం అతనికి నేర్పింది. నేర్పింది అంతవరకే. తర్వాత పరీక్షిస్తే అతను అచ్చు మాటకు సరైన బొమ్మను, బొమ్మకు సరైన అచ్చు మాటను జత చేయడమే కాక, అచ్చులో ఉన్న మాటలను పైకి చదివాడు. బొమ్మకూ అచ్చుకూ మధ్య ఉన్న ఆ లంకెను ఎవరూ నేర్పలేదు, దానికి మెచ్చుకోలూ దొరకలేదు.

1982లో సిడ్మన్, విలియం టెయిల్బీ ఈ ఫలితానికి గణితం నుంచి తెచ్చిన కొలబద్ద పెట్టారు. ఇంటర్మీడియట్‌లో గణితం చదివినవారికి పరావర్తనం, సౌష్ఠవం, సంక్రమణం అనే మూడు ధర్మాలు గుర్తుండే ఉంటాయి. ఒక అంశం తనతో తాను సరిపోలడం, క తర్వాత ఖ అని నేర్పితే ఖ నుంచి క దగ్గరకు తిరిగి రాగలగడం, క నుంచి ఖ, ఖ నుంచి గ నేర్పితే నేరుగా క నుంచి గ దగ్గరకు చేరగలగడం. ఈ మూడూ కనిపిస్తే ఆ అంశాలన్నీ ఒకే తుల్య వర్గంలో చేరినట్టు లెక్క. దీనికే ఉద్దీపన తుల్యత అని పేరు. ఉద్దీపన అంటే మన ముందుకు వచ్చే మాట, బొమ్మ, గుర్తు వంటి అంశం. ఎన్నో దేశాల ప్రయోగశాలల్లో అర్థం లేని గుర్తులతోనూ, రకరకాల వయసుల వారితోనూ ఇది మళ్లీ మళ్లీ తేలింది. ఈ వ్యాసంలోని విషయాలన్నింటిలోకీ గట్టి నేల ఇదే.

చేప, మాఛ: సరిహద్దు బడిలో ఒక లెక్క

పర్లాకిమిడిలో ఒడియా మాధ్యమం బడిలో చేరిన ఒక తెలుగు పిల్లను తీసుకుందాం. ఆమె ముందు నాలుగు అంశాలున్నాయి. చెవికి వినిపించే 'చేప' అనే తెలుగు మాట, చేప బొమ్మ, 'మాఛ' అనే ఒడియా మాట, ఆ ఒడియా మాటకు ఒడియా లిపిలో రాత. ప్రతి అంశం నుంచి మిగతా మూడింటికీ దారి ఉండాలి కనుక మొత్తం 12 దారులు. చేప అని వింటే బొమ్మ చూపడం ఇంట్లోనే వచ్చింది. మాఛ అని వింటే అదే బొమ్మ చూపాలని, మాఛ అని వింటే ఈ రాతను చూపాలని ఉపాధ్యాయురాలు నేర్పింది. అంటే నేర్పినవి మూడు. అన్నీ సవ్యంగా సాగితే మిగతా తొమ్మిదీ నేర్పకుండా వస్తాయి. ఒడియా రాత చూసి అది చేప అని తెలుగులో చెప్పడం, బొమ్మ చూసి ఒడియా రాతను ఎంచుకోవడం, చేప అనే మాట వినగానే మాఛ అనడం ఈ తొమ్మిదిలోవే. తెలుగు లిపిలోని రాతను ఐదో అంశంగా ఏదో ఒకదానికి జత చేస్తే నేర్పినవి నాలుగవుతాయి, రాబట్టుకున్నవి 16 అవుతాయి. అంశం ఒక్కటి పెరిగితే నేర్పవలసింది ఒక్కటే పెరుగుతుంది, రాబట్టుకునేవి మాత్రం 9, 16, 25 అంటూ వర్గ సంఖ్యల లెక్కన పెరుగుతూ పోతాయి.

ఇదే లెక్క మరో సంగతి కూడా బయటపెడుతుంది. తరగతిలో మాఛ అని పలికించి, ఆ రాతనే పదిసార్లు రాయించి, బొమ్మతోగానీ ఇంటి మాటతోగానీ జత చేయకపోతే ఏమవుతుంది? నేర్పింది ఒకటి, దాని తిరుగుదారి ఒకటి, వెరసి రెండే. పిల్ల గడగడా చదువుతుంది కానీ ఏం చదివిందో చెప్పలేదు. మన ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలు పాఠం అప్పజెప్పి అర్థం అడిగితే బిక్కమొహం వేయడం చూసినవారు దీన్ని వెంటనే గుర్తుపడతారు. అక్కడ భాషలు ఎక్కువై చిక్కు రాలేదు, రెండు భాషల నడుమ వేయవలసిన ఒక్క ముడి వేయకపోవడంతో వచ్చింది.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు తయారుచేసి బడులు నడిపించడం ఈ పరిశోధనలకు ఎన్నో దశాబ్దాల ముందు మాట. ఒడిశా ప్రభుత్వం 2007లో కొన్ని గిరిజన భాషల్లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్యను ప్రారంభించినప్పుడు అందులో సవర కూడా ఉంది. ఇంటి భాష పునాదిగా బడి భాషకు వంతెన వేయాలన్నదే దాని ఉద్దేశం.

బహుభాషలు హాని చేస్తాయా అన్న ప్రశ్నకు ఒడిశాలోనే జరిగిన పరిశోధన ఒకటుంది. మనస్తత్వవేత్త అజిత్ మొహంతి కోందు గిరిజన పిల్లలను అధ్యయనం చేశారు. కొన్ని చోట్ల వారు తమ భాష కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు, కొన్ని చోట్ల కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. సామాజికంగా దాదాపు ఒకే స్థితిలో ఉన్న ఈ రెండు రకాల పిల్లలను పోల్చినప్పుడు, భాషా నిర్మాణం గురించి ఆలోచించగల శక్తిలోనూ బుద్ధి పరీక్షల్లోనూ రెండు భాషల పిల్లలు మెరుగ్గా ఉన్నారు. అయితే ఇది ఉద్దీపన తుల్యత చట్రంలో జరిగిన పరిశోధన కాదు. పైగా రెండు భాషలు వస్తే బుద్ధి కూడా పదునెక్కుతుందన్న వాదం మీద ప్రపంచవ్యాప్తంగా గత పదిహేనేళ్లుగా గట్టి వివాదమే నడుస్తోంది. లాభం ఎంత అన్నదే ఆ వివాదం. రెండు భాషల వల్ల బుర్ర చెడుతుందని చెప్పేవారు ఆ వాదానికి ఇరువైపులా లేరు.

ఈ శక్తి ఎక్కడిది: మూడు సమాధానాలు

కోతులతో, బబూన్లతో ఇదే ప్రయోగం చేసినప్పుడు అవి నేర్పిన జతలను చక్కగా నేర్చుకున్నాయి కానీ తిరుగుదారి పట్టలేకపోయాయి. 1986లో జరిగిన ఒక అధ్యయనంలో మాటలు వచ్చిన చిన్నపిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్నా మాటలు వచ్చిన పిల్లలు ఈ పరీక్ష నెగ్గారు, మాటలు రాని పిల్లలు నెగ్గలేదు. దీనితో భాషకూ ఈ శక్తికీ ఏదో లంకె ఉందని స్పష్టమైంది. ఏది ముందు, ఏది వెనుక అన్న దగ్గర మాత్రం పరిశోధకులు విడిపోయారు.

ఇది పునర్బలనంలోనే పుట్టుకతో ఇమిడి ఉన్న గుణమని, ఇంతకంటే లోతుకు తవ్వనక్కరలేదని సిడ్మన్ అన్నారు. బ్రిటన్‌కు చెందిన పాలీన్ హోర్న్, ఫెర్గస్ లో 1996లో పేరు పెట్టడమే దీనికి మూలమని వాదించారు. పిల్లవాడు రెండు వస్తువులనూ ఒకే పేరుతో పిలిచినప్పుడు ఆ పేరే వాటిని కలుపుతుందన్నది వారి వాదన. మూడో సమాధానం స్టీవెన్ హేస్, డెర్మాట్ బార్న్స్-హోమ్స్, బ్రయన్ రోచ్ 2001లో పుస్తకరూపంలో పూర్తిగా వివరించిన రిలేషనల్ ఫ్రేమ్ థియరీ. తెలుగులో సంబంధ చట్రాల సిద్ధాంతం అనుకోవచ్చు. దీని ప్రకారం సంబంధం కలపడమే నేర్చుకున్న పని. తల్లి బంతి చూపి "ఇదేంటి?" అంటుంది, పిల్ల "బంతి" అంటే ముద్దు పెట్టుకుంటుంది. "బంతేదీ?" అని అడిగితే పిల్ల బంతి చూపుతుంది, మళ్లీ ముద్దు. కాకి, గిన్నె, తాత, చెప్పు అంటూ వందల వస్తువులతో రెండు దిక్కులా ఇది సాగాక, ఒక దిక్కున చెబితే రెండో దిక్కు కూడా పట్టుకోవడమనే పద్ధతే అలవాటవుతుంది. అప్పుడు కొత్త మాటను ఒక్క దిక్కున చెబితే చాలు.

కాలిఫోర్నియాలో రియో అనే సముద్ర సింహం 1993లో ప్రచురితమైన ప్రయోగంలో తుల్యత పరీక్ష నెగ్గడం ఈ వాదాల పోటీని మరింత చిక్కు చేసింది. భాషే మూలమనేవారికి అది ఇబ్బంది. రియోకు ముందుగా ఎన్నో ఉదాహరణలతో రెండు దిక్కులా శిక్షణ ఇచ్చారు కనుక అది తమకే అనుకూలమని మూడో పక్షం అంటుంది. ఈ తగవు ఇంకా తీరలేదు.

పెద్ద నాణెం, చిన్న విలువ: సమానత్వం ఒక్కటే సంబంధం కాదు

సంబంధ చట్రాల సిద్ధాంతం అసలు ప్రత్యేకత సమానత్వాన్ని దాటి వెళ్లడంలో ఉంది. ఎక్కువ-తక్కువ, వ్యతిరేకం, ముందు-వెనుక, భాగం-మొత్తం, నేను-నువ్వు, ఇక్కడ-అక్కడ, ఇవన్నీ చట్రాలే. 2011లో వచ్చిన నాణేల వరుసలో రెండు రూపాయల బిళ్ల వ్యాసం 25 మిల్లీమీటర్లు, ఐదు రూపాయల బిళ్ల వ్యాసం 23 మిల్లీమీటర్లు. మూడేళ్ల పిల్లవాడి ముందు రెండూ పెడితే పెద్ద బిళ్ల కోసం చెయ్యి చాస్తాడు. కిరాణా కొట్టు అనుభవం కొంచెం వచ్చాక చిన్న బిళ్లనే కోరుకుంటాడు. కంటికి కనిపించే పరిమాణం మారలేదు. సమాజం ఏర్పరచిన 'ఎక్కువ' అనే సంబంధం కంటి సాక్ష్యాన్ని పక్కకు నెట్టేసింది. వస్తువు ఆకారంతో పని లేకుండా కేవలం సంకేతం మీద ఆధారపడి సంబంధం కలపడమే భాష గుట్టు అని ఈ సిద్ధాంతం చెబుతుంది.

బంధుత్వం ఇంతకంటే గొప్ప ఉదాహరణ. "ఈయన మీ అమ్మకు తమ్ముడు" అని ఒక్క మాట చెబితే తెలుగు పిల్లవాడు ఆయన తనకు మామయ్య అని, ఆయన భార్య అత్త అని, ఆమె కూతురు తనకంటే పెద్దదైతే వదిన, చిన్నదైతే మరదలు అని వరుసగా రాబట్టుకుంటాడు. తరం, వయసు, ఆడ-మగ తేడా, తల్లి వైపా తండ్రి వైపా అనే నాలుగు సంబంధాలు ఇందులో ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి. ఆ వరుసతో పాటే ప్రవర్తన కూడా వస్తుంది. ఎవరితో పరాచికాలాడవచ్చు, ఎవరి ముందు గొంతు పెంచకూడదు అన్నది ఆ పిల్లవాడికి ఎవరూ విడిగా నూరిపోయనక్కరలేదు. చాలా ఒడియా కుటుంబాల్లో అదే మామ కూతురు చెల్లెలితో సమానం, మేనరికం ఊసు అక్కడ రాదు. రెండిళ్లలోనూ తిరిగే సరిహద్దు పిల్లలు ఏ ఇంట్లో ఏ చట్రం నడుస్తుందో తడబడకుండా గుర్తిస్తారు. పుట్టుక వల్ల వచ్చిన సంబంధం ఒకటే అయినా సందర్భాన్ని బట్టి చట్రం మారుతుందనీ, చట్రంతో పాటు ప్రవర్తన మారుతుందనీ ఈ సిద్ధాంతం చెప్పే మాటకు ఇంతకు మించిన నిదర్శనం పుస్తకాల్లో కూడా దొరకదు.

'తిత్లీ కంటే పెద్దది': భయం మాట వెంట నడిచే దారి

చట్రంలోని ఒక అంశానికి ఏదైనా భావోద్వేగం అంటుకుంటే అది మిగతా అంశాలకూ పాకుతుంది. అయితే యథాతథంగా పాకదు, సంబంధాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. దీన్ని ప్రభావ పరివర్తన అనవచ్చు. మైకేల్ డోఘర్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం దీనికి బాగా పేరున్న ఉదాహరణ. ఏ విధంగానూ పెద్దాచిన్నా తేడా లేని మూడు గుర్తులను తీసుకొని, మొదటిదానికంటే రెండోది ఎక్కువ, రెండోదానికంటే మూడోది ఎక్కువ అని పాల్గొన్నవారికి నేర్పారు. తర్వాత రెండో గుర్తు చూపుతూ స్వల్పమైన కరెంటు షాక్ ఇచ్చారు. ఆపై మూడో గుర్తు చూపినప్పుడు, దానితో ఎన్నడూ షాక్ రాకపోయినా, ఎక్కువమందిలో చర్మం మీది విద్యుత్ స్పందన రెండో గుర్తుకంటే హెచ్చుగా నమోదైంది. అనుభవించిన దానికంటే అనుభవించనిదే ఎక్కువ భయపెట్టింది.

పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా వారికి ఇది ప్రయోగశాలకే పరిమితమైన సంగతి కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఆ గాలికి తోడు గజపతి కొండల్లో వరదలు, కొండచరియల విరుగుళ్లు ప్రాణాలు తీశాయి. ఆ రాత్రి గడిపిన మనిషికి తర్వాత ఏ తుపాను గురించైనా "ఇది తిత్లీ కంటే పెద్దదట" అని చెబితే, ఆకాశం నిర్మలంగా ఉన్నా గుండె జారుతుంది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ విషయంలో "తిత్లీ అంత కాదులే" అని ఎవరైనా అని ఉంటే ఆ మేరకు మనసు కుదుటపడి ఉంటుంది. మారింది ఒక్క సంబంధ పదం. జంతువుకు భయం చూసిన చోటునుంచి, విన్న చప్పుడునుంచి వస్తుంది. మనిషికి మాత్రం రాబోయే వాటి నుంచి, రాకపోవచ్చిన వాటి నుంచి, పొరుగువారికి వచ్చిన వాటి నుంచి కూడా వస్తుంది. హెచ్చరిక విని ముందుగానే సురక్షిత కేంద్రానికి చేరుకోగలగడం ఈ శక్తి వల్లే సాధ్యమైంది, ఏ ముప్పూ లేని రాత్రుల్లో నిద్ర పట్టకపోవడమూ ఈ శక్తి వల్లే.

తరిమితే పోని ఆలోచన

భయం మాటల్లోంచి వస్తే ఆ మాటలను మనసులోంచి తీసేయవచ్చు కదా అనిపిస్తుంది. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాల పాటు ఆలోచించవద్దని కొందరికి చెప్పి, ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గంట కొట్టమంది. గంట మోగుతూనే ఉంది. నిషేధం ఎత్తేశాక వారికి ఆ ఆలోచన మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవారికంటే ఎక్కువగా వచ్చింది. వెగ్నర్ దీనికి వేరే వివరణ ఇచ్చారు. సంబంధ చట్రాల పరిశోధకుల వివరణ ప్రకారం 'తిత్లీ గురించి ఆలోచించకూడదు' అనే నియమంలోనే తిత్లీ ఉంది. ఆలోచన మళ్లించుకోవడానికి ఎంచుకున్న పాట కూడా కొన్నాళ్లకు తిత్లీనే గుర్తుచేస్తుంది, ఎందుకంటే ఆ పాటను దానికి విరుగుడుగా ముడివేసింది మనమే. సంబంధాలు కలుస్తూ పోతాయి కానీ చెరిపేస్తే చెరగవు.

నియమాల గురించిన ప్రయోగాలు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఏం చేయాలో ముందే చెప్పి పని అప్పగించినవారు, పరిస్థితి మారి పాత పద్ధతి నష్టం తెస్తున్నా దాన్నే పట్టుకు వేలాడే అవకాశం ఎక్కువని, స్వయంగా తడుముకొని నేర్చుకున్నవారు మార్పును త్వరగా పసిగడతారని 1980ల ప్రయోగాల్లో తేలింది. మాట వల్ల నేర్చుకోవడం వేగవంతమవుతుంది, అదే మాట కళ్లకు గంతలు కూడా కడుతుంది.

మానసిక నమ్యత అంటే ఏమిటి, ఏది కాదు

ఈ నేపథ్యంలోంచి వచ్చిందే యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ. క్లుప్తంగా యాక్ట్ అంటారు. స్టీవెన్ హేస్, కిర్క్ స్ట్రోసాల్, కెల్లీ విల్సన్ 1999లో దీన్ని పుస్తకంగా తెచ్చారు. బాధాకరమైన ఆలోచనలు, జ్ఞాపకాలు, శరీరంలోని అలజడి ఉన్నప్పటికీ, ఎదుట ఉన్న పరిస్థితిని గమనిస్తూ, తనకు విలువైనదనిపించే దిశలో పని కొనసాగించగలగడం లేదా అవసరమైతే మార్చుకోగలగడం దీని లక్ష్యం. దాన్నే మానసిక నమ్యత అంటారు. అంగీకారం, ఆలోచన నుంచి ఎడంగా నిలబడడం, వర్తమానంపై ఎరుక, అనుభవాలను గమనించే నేను వేరని గుర్తించడం, విలువలు, కట్టుబడిన ఆచరణ అనే ఆరు పాయలుగా దీన్ని వర్ణిస్తారు. అన్నింటినీ విప్పి చెప్పడం కంటే ఒక సందర్భంలో చూడడం మేలు.

తిత్లీలో జీడితోట పూర్తిగా పోగొట్టుకున్న రైతును ఊహించుకుందాం. 'మళ్లీ నాటినా గాలి పట్టుకుపోతుంది' అనే ఆలోచన అతన్ని వదలదు. ఆ ఆలోచన నిజమైతే నాటడం దండగ, అబద్ధమైతే నాటాలి అన్నట్టుగా అతను ఏళ్ల తరబడి మనసులోనే వాదులాడుకోవచ్చు. మామూలు సలహాదారు ఆ ఆలోచన తప్పని నచ్చజెప్పడానికి చూస్తాడు. ఈ చికిత్స అలా చేయదు. 'మళ్లీ నాటినా గాలి పట్టుకుపోతుంది అనే ఆలోచన నాకు వస్తోంది' అని చెప్పుకొమ్మంటుంది. బాధపెట్టే ఒక్క పదాన్ని అర నిమిషం పాటు గబగబా పైకి అనిపించే అభ్యాసం కూడా ఉంది. అలా అంటూ పోతే అర్థం జారిపోయి శబ్దం మాత్రం మిగులుతుంది, ఆ పదం వల్ల కలిగే ఇబ్బంది, అది నిజమన్న నమ్మకం రెండూ తగ్గుతాయని 2004లో ఒక అధ్యయనం చూపింది. సంబంధం అలాగే ఉంటుంది, దాని పట్టు సడలుతుంది. ఆ తర్వాతి ప్రశ్న ఆ భూమి అతనికి ఎందుకు ముఖ్యం అన్నది. పిల్లల చదువు కోసమైతే, నేల వాలును, నీటిని, బీమాను, చేతిలోని అప్పును చూసుకొని అతను నాటవచ్చు, నాటకుండా మరో దారి కూడా వెతుక్కోవచ్చు. నిర్ణయం ఏదైనా సరే, అది భయం చేతిలో లేకపోవడమే నమ్యత.

కాబట్టి ఇక్కడ అంగీకరించమనేది లోపలి అనుభవాన్ని. రాని నష్టపరిహారాన్ని, కూలిన గట్టును, వడ్డీ భారాన్ని అంగీకరించమని కాదు. అయినా ఇది ఓటమి ఒప్పుకోవడమేనన్న విమర్శలో ఒక నిజం ఉంది. చికిత్స గదిలో వ్యక్తి ఒక్కడే ఎదురుగా ఉంటాడు కనుక, బాధకు బయట ఉన్న కారణాలు చూపు మేర నుంచి తప్పుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆలోచనను ఎడంగా ఉండి గమనించే ఈ పద్ధతిని మన సంప్రదాయంలోని సాక్షీభావంతో పోల్చేవారున్నారు. పోలిక కనిపిస్తుంది, కానీ ఇక్కడి లక్ష్యం విముక్తి కాదు, రోజువారీ పని.

ఆధారాల బలం ఎంత

సంబంధ చట్రాల సిద్ధాంతం కొత్త సూత్రం కాదని, కొత్త పరిభాష మాత్రమేనని ప్రవర్తనా శాస్త్రంలోనే డేవిడ్ పామర్ వంటివారు విమర్శించారు. పరిభాష బరువు ఎక్కువన్న మాటను కాదనలేం. ప్రయోగ ఫలితాలు నిజం, వివరణ మాత్రం పోటీలో ఉన్న వాటిలో ఒకటి అనడం న్యాయం.

చికిత్స విషయానికొస్తే, 2015లో 39 యాదృచ్ఛిక ప్రయోగాలను (ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీలా నిర్ణయించేవి) కలిపి చూసిన ఒక సమీక్ష, యాక్ట్ మామూలు వైద్య సేవకంటే మెరుగ్గా ఉందని, ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం మీద ఆధారపడిన, ఇప్పటికే స్థిరపడిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. అంతకు ఏడాది ముందు స్వీడన్ పరిశోధకుడు లార్స్-యోరన్ ఓస్ట్ ఇలాంటి ప్రయోగాల నాణ్యతనే ప్రశ్నించి, ఏ రుగ్మతకూ ఇది పూర్తిగా నిరూపితమైన చికిత్స కాదన్నారు. 2020లో 20 మెటా విశ్లేషణలను (పలు అధ్యయనాల ఫలితాలను కలిపి లెక్కించేవి), వాటిలోని 12,477 మందిని కలిపి చూసిన మరో సమీక్ష పలు సమస్యల్లో దీని ప్రయోజనాన్ని సమర్థించింది. ఆ సమీక్ష రాసినవారు యాక్ట్ రంగంలో పనిచేసే పరిశోధకులేనన్నది పాఠకుడు గమనించాలి.

వీటన్నింటికంటే లోతైన చిక్కు కొలతలో ఉంది. నమ్యత లోపాన్ని కొలవడానికి విరివిగా వాడిన ఏడు ప్రశ్నల పట్టిక, నిజానికి నమ్యతను కాక మనిషిలోని సాధారణ ఆందోళననే కొలుస్తోందని 2014 నుంచి వరుసగా వచ్చిన అధ్యయనాలు చూపాయి. అదే నిజమైతే, నమ్యత పెరిగింది కనుక బాధ తగ్గింది అన్న వాక్యం బాధ తగ్గింది కనుక బాధ తగ్గింది అన్నట్టే అవుతుంది. పాత ఫలితాలను మెరుగైన కొలతలతో మళ్లీ చూడవలసిన అవసరం అందుకే వచ్చింది.

ఐక్యూ కోర్సుల నేల ఇంకా పలచన. 2011లో సారా కాసిడీ, బ్రయన్ రోచ్, హేస్ అతి కొద్దిమంది పిల్లలకు సంబంధ శిక్షణ ఇచ్చి బుద్ధి పరీక్షల్లో పెద్ద మెరుగుదల చూపారు. తర్వాతి అధ్యయనాల్లో ఫలితాలు ఒకే తీరుగా లేవు. బుద్ధి పరీక్షల్లో అడిగేవి కూడా చాలావరకు సంబంధాల ప్రశ్నలే కనుక, ఆ అభ్యాసం చేసినవారు ఆ పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం, జీవితంలో తెలివి పెరగడం రెండూ ఒకటేనా అన్నది తేలాల్సిన ప్రశ్న. డబ్బు కట్టమనే ప్రకటన ఈ తేడాను చెప్పదు.

తుపాను ప్రాంతాలకు దగ్గరగా ఉన్న ఆధారం ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాక్ట్ ఆధారంగా సెల్ఫ్ హెల్ప్ ప్లస్ అనే కార్యక్రమాన్ని తయారుచేసింది. రికార్డు చేసిన మాటలు, బొమ్మల పుస్తకంతో వారానికొకటి చొప్పున ఐదు సమావేశాలు ఉంటాయి. నడిపేది డాక్టర్లు కాదు, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఉగాండాలో తలదాచుకున్న 694 మంది దక్షిణ సూడాన్ శరణార్థి మహిళలతో జరిగిన ప్రయోగం 2020లో ప్రచురితమైంది. కార్యక్రమం ముగిసిన వెంటనే మానసిక వేదన గణనీయంగా తగ్గింది, మూడు నెలల తర్వాత ఆ మేలు మిగిలి ఉన్నా బాగా పలచబడింది. మానసిక వైద్యుడి కోసం కొండ దిగి బరంపురమో విశాఖపట్నమో వెళ్లవలసిన ఊళ్లకు ఇలాంటి పద్ధతి విలువ చిన్నది కాదు. ఆ మహిళలకు మేలు చేసింది ఆలోచనల పట్టు సడలడమా, లేక ఐదు వారాల పాటు తోటివారితో కలిసి ఒకచోట కూర్చోవడమా అన్నది మాత్రం ఆ ప్రయోగంతో తేలలేదు. అది తేలాలంటే, అంతే మందిని అన్ని వారాలూ కూర్చోబెట్టి మరేదైనా బోధించిన బృందంతో పోల్చి చూడాలి.